గ్రూపు వేరు, టీమ్ వేరు: మీ 9 మందిలో టీమ్ కావాల్సింది ముగ్గురే

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. మీరు బెంగళూరు మాన్యత టెక్ పార్కులో టీమ్ లీడ్ అయి 8 నెలలైంది. మీ కింద 9 మంది. వాళ్లలో ఆరుగురు ఒక్కొక్కరు ఒక్కో క్లయింటుకి నెలవారీ రిపోర్టులు చేస్తారు, మిగతా ముగ్గురు ఒక కొత్త డాష్‌బోర్డు, అంటే కావాల్సిన అంకెలన్నీ ఒకే తెర మీద చూపించేది, కడుతున్నారు. గొడవల్లేవు, పనులు ఆగడం లేదు. కానీ మొన్న రివ్యూలో మీ మేనేజర్ "ఇది టీమ్‌లా లేదు, గ్రూపులా ఉంది, ఏదో ఒకటి చెయ్యండి" అని ఒక అవుటింగ్‌కి బడ్జెట్ ఇచ్చారు. అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి, అవుటింగ్‌తో అది వస్తుందా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఎవరి పని వాళ్లు చేస్తే, వాటిని కూడితే వచ్చేదే మొత్తం ఫలితం అయితే అది గ్రూపు. ఏ ఒక్కరూ విడిగా చెయ్యలేని ఒక పనిని అందరూ కలిసి చేసి, అది చెడితే అందరూ కలిసి జవాబు చెప్పాల్సి వస్తే అది టీమ్. తేడా మనుషుల మధ్య ఉన్న స్నేహంలో లేదు, పని కుదిరిన తీరులో ఉంది. అందుకే అవుటింగ్‌తో రాదు. ఇంకో మాట మీ మేనేజర్‌కి నచ్చకపోవచ్చు గానీ చెప్పాలి: మీ ఆరుగురు రిపోర్టుల వాళ్లు గ్రూపుగానే ఉండనివ్వండి. టీమ్ కావాల్సింది డాష్‌బోర్డు ముగ్గురే.

నేను బెంగళూరు వచ్చి 21 ఏళ్లైంది. మొదటి ఆరేళ్లు పీణ్యలో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ సెక్షన్, ఆ తర్వాత ఇప్పటిదాకా వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్. కానీ ఈ తేడా నేను ఈ రెండు చోట్లా నేర్చుకోలేదు, మా ఊరి పొలం గట్టు మీద నేర్చుకున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో వరి పండే ఊరు. నాట్ల కాలంలో బడి లేని రోజు అమ్మతో పాటు పొలానికి వెళ్లి గట్టు మీద కూర్చునేదాన్ని. రోజు కూలికి వచ్చినప్పుడు ఆడవాళ్లు ఒక రకంగా నాటేవాళ్లు, గుత్తకు ఒప్పుకున్నప్పుడు ఇంకో రకంగా. రోజు కూలి అంటే ఎవరి కూలి వారిదే. పక్కామె నిదానంగా వేసినా మనకు పోయేదేం లేదు. గుత్త అంటే ఎకరానికి ఇంత అని పన్నెండు మంది కలిసి మాట్లాడుకుని, నాటడం అయ్యాక వచ్చిన డబ్బు సమానంగా పంచుకోవడం. అదే పొలం, అదే నారు, అదే మనుషులు. గుత్త రోజున నారు కట్టలు అందకపోతే ఎవరో ఒకరు గబగబా వెళ్లి మోసుకొచ్చి వరస వెనకాల విసిరేవాళ్లు, అది నా పని కాదు అన్న మాటే వినపడేది కాదు. వాళ్లలో ఒకామెకి చంటిబిడ్డ. గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. బిడ్డ ఏడిస్తే ఆమె కాళ్లకి బురదతోనే వెళ్లి పాలిచ్చి వచ్చేది. ఆమె వచ్చేలోపు రెండు పక్కలవాళ్లూ చెరో నాలుగు కుదుళ్లు ఎక్కువ వేసుకుంటూ ఆమె జాగా కూడా నింపేసేవాళ్లు. ఆమె తిరిగొచ్చి తన చోట నిలబడి వంగేది, ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. అదే ఎవరైనా కబుర్లలో పడి చెయ్యి ఆపితే రైతు అననక్కర్లేదు, పక్కామే అనేసేది.

ఆ ఆడవాళ్లు రోజు కూలి నాడు తక్కువ మంచివాళ్లూ కాదు, గుత్త నాడు ఎక్కువ మంచివాళ్లూ కాదు. డబ్బు, పని, ముగింపు ఈ మూడూ ఒకటే ముడిగా పడ్డాయి, అంతే. మీరు మీ ఆఫీసులో వెతకాల్సింది ఆ ముడి ఉందా లేదా అని.

ఇప్పుడు కొంచెం పుస్తకాల్లో ఉన్న సంగతి. జేమ్స్ థాంప్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1967లో, ఒక సంస్థలో పనులు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయో మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది, ఎవరి పని వాళ్లు విడిగా చేస్తారు, చివర్లో అన్నీ ఒకే ఖాతాలో పడతాయి, బ్యాంకు బ్రాంచీల్లాగా. రెండోది, ఒకరి పని అయ్యాకే ఇంకొకరి పని మొదలవుతుంది, ఫ్యాక్టరీ లైనులాగా. మూడోది, నా పని మీ దగ్గరికి వచ్చి, మళ్లీ నా దగ్గరికి వచ్చి, మళ్లీ మీ దగ్గరికి పోతూ ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ అలాంటిది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మారతహళ్లిలో ఏ ఆంధ్రా మెస్సుకైనా వెళ్లి వంటింటి వైపు కూర్చోండి, అదీ అలాంటిదే: అన్నం వార్చే మనిషి వడ్డించే కుర్రాడి మొహం చూసి ఇంకో గుండిగ ఎక్కించాలా వద్దా తేల్చుకుంటాడు.

మొదటి రకం పనికి గ్రూపు చాలు. మూడో రకానికి టీమ్ లేకపోతే కుదరదు. రెండోది మధ్యలో ఉంటుంది, దాని గురించి పీణ్యలో చూసింది చెప్తాను. మా షాపులో షాఫ్టులు, అంటే ఇనుప కడ్డీలు, ముందు లేత్ మీద తిరుగుతూ చెక్కబడేవి, తర్వాత సరైన సైజుకి అరగదీయడానికి గ్రైండింగుకి పోయేవి. లేత్ ఆపరేటర్ దగ్గర సైజు తగ్గితే రిజెక్షన్ అతని పేరు మీద పడుతుంది. అందుకని అతను గ్రైండింగుకి వదలాల్సిన దానికంటే కాస్త ఎక్కువ మందమే వదిలేసేవాడు. అతని లెక్కలో ఒక్క పీసూ పోలేదు, మంచి ఆపరేటర్ అని పేరు. అవతల గ్రైండింగు మనిషికి ఒక్కో షాఫ్టుకి పట్టాల్సిన టైము పెరిగిపోయేది, గ్రైండింగు చక్రం అరిగిపోయేది, తిట్లన్నీ అతనికి. ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం. ఇద్దరూ ఎవరి పని వాళ్లు బాగానే చేశారు, షాఫ్టు మాత్రం ఆలస్యమైంది. ఇద్దరి పేర్లూ ఒకే రిజెక్షన్ షీటు మీద రాయడం మొదలుపెట్టాక వారంలో ఆ పది అడుగులూ నడిచి మాట్లాడుకున్నారు.

చేతులు మారే చోటు ఎంత ముఖ్యమో అందరికీ తెలిసిన ఉదాహరణ కావాలంటే 2016 రియో ఒలింపిక్స్ పురుషుల 4×100 మీటర్ల రిలే ఫైనల్. జపాన్ 37.60 సెకన్లలో పరుగెత్తి జమైకా వెనకాల రజతం గెలిచింది. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా 100 మీటర్లు 10 సెకన్ల లోపు పరుగెత్తినవారు లేరు. కింద నుంచి బేటన్ అందించే పద్ధతిని వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారు. అదే రేసులో అమెరికా మూడో స్థానంలో వచ్చి కూడా బేటన్ మార్పిడి గీత దాటకముందే జరిగిందని డిస్‌క్వాలిఫై అయింది. వేగమైన నలుగురు పక్కపక్కన నిలబడితే రిలే జట్టు అవదు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీరు ఇప్పుడు సరిగ్గా దాని అంచున ఉన్నారు.

సుమారు పదకొండేళ్ల కిందట ఒక సపోర్ట్ డెస్క్ నా చేతికి వచ్చింది. 12 మంది. ఫోన్లు, టికెట్లు (అంటే కస్టమర్లు రాసి పంపే సమస్యలు). ఎవరి క్యూ వాళ్లది, ఒకరి టికెట్‌కి ఇంకొకరి టికెట్‌కి సంబంధం లేదు. నేను అప్పుడే ఏదో ట్రైనింగ్ చేసి వచ్చాను, టీమ్ అనే మాట తలకెక్కి ఉంది. విడివిడి టార్గెట్లు తీసేసి మొత్తం 12 మందికీ ఒకే టార్గెట్, ఒకే బోనస్ పెట్టాను. మా ఊళ్లో గుత్త గుర్తొచ్చి చాలా గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. రెండు నెలల్లో మొత్తం టికెట్లు తగ్గాయి. అందరికంటే బాగా చేసే అనంతపురం కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేను ముప్పై చేసినా పద్దెనిమిది చేసినా ఒకటే అయితే భోజనం మానుకుని ఎందుకు చెయ్యాలి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాతి నెలలో అతనూ ఇంకో అమ్మాయీ మానేశారు.

ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. నాట్లలో పన్నెండు మంది ఒకే మడిలో, ఒకే వరసలో ఉంటారు. ఒకరి చెయ్యి ఆగితే పక్కామెకు కళ్లెదురుగా ఖాళీ కనిపిస్తుంది, కావాలంటే ఆ ఖాళీ తను నింపగలదు కూడా. నా సపోర్ట్ డెస్క్‌లో ఎవరు ఏం చేస్తున్నారో పక్కవాళ్లకి కనిపించదు, ఒకరి ఫోను మధ్యలో ఇంకొకరు అందుకోలేరు. పనిలో ముడి లేని చోట డబ్బుతో ముడి వేశాను. అది టీమ్ కాలేదు, పదిమంది చేతిలో పడ్డ పాము అయింది.

ఈ సామెతని ఫ్రాన్సులో ఒకాయన కొలిచి మరీ చూపించాడు. మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషులతో తాడు లాగించి చూసి, ఆ ఫలితాలు 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగమే. కొంత, అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల. కొంత, ఎవరూ గమనించరులే అన్న ధీమా వల్ల. 1979లో అమెరికాలో లాటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే ముగ్గురు చప్పట్లు, కేకలతో ఇదే చూశారు: పక్కన ఇంకా మనుషులు అరుస్తున్నారని నమ్మిస్తే చాలు, ఒక్కొక్కరి గొంతు తగ్గింది. తర్వాత 1981లో వాళ్లే ఇంకో సంగతి చూపించారు. ఎవరు ఎంత అరిచారో విడిగా తెలుస్తుందని చెబితే ఆ తగ్గుదల పోయింది.

కాబట్టి టీమ్ అంటే విడి లెక్క ఉండకూడదని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫలితం అందరిదీ, కానీ ఎవరు ఏం చేశారన్నది కనీసం తోటివాళ్లకైనా కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే తిలా పాపం తలా పిడికెడు అయిపోతుంది, తప్పు అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు.

ఆ సపోర్ట్ డెస్క్‌ని మళ్లీ గ్రూపుగా మార్చాను. ఎవరి టార్గెట్ వాళ్లకి, నైట్ షిఫ్టులు వంతులవారీగా గోడ మీద అందరికీ కనబడేలా, ఒకసారి పరిష్కరించిన సమస్యని అందరూ చూసేలా రాసి పెట్టే ఒక చోటు. అంతే. బాగా నడిచింది. మంచి గ్రూపుని నడపడం చిన్న పని కాదు, న్యాయంగా పంచడం, సరిగ్గా కొలవడం, ఒకరికి తెలిసింది ఇంకొకరికి అందేలా చూడటం. మీ రిపోర్టుల ఆరుగురికి కావాల్సింది ఇదే.

ఇప్పుడు నిజంగా టీమ్ కావాల్సి వచ్చిన సంగతి. ఇది కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి, మీ డాష్‌బోర్డు ముగ్గురికి ఇందులోంచే ఏదైనా దొరుకుతుంది.

మేం ఆసుపత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. నా దగ్గర 8 మంది: నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక డేటాబేస్ మనిషి, క్లయింట్ల దగ్గరికి వెళ్లి వచ్చే ఒకమ్మాయి. టెస్టర్లకి ఎన్ని బగ్స్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు, పట్టుకున్నారో లెక్క, డెవలపర్లకి ఎన్ని పనులు మూశారో లెక్క. దాంతో టెస్టర్లు ఒకే స్క్రీన్‌లో మూడు స్పెల్లింగ్ తప్పులుంటే మూడు బగ్స్ రాసేవాళ్లు, డెవలపర్లు "ఇది బగ్ కాదు" అని వాదిస్తూ అరపూట గడిపేవాళ్లు. పొద్దున మీటింగులో అందరి నోటా ఒకటే మాట: "నా పార్ట్ అయిపోయింది." ఈ మాట మీ దగ్గర రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో గమనించండి. గ్రూపుకి ఇంతకంటే పెద్ద గుర్తు లేదు.

అందరి పార్టులూ అయిపోయాయి, కానీ ఆసుపత్రి నుంచి ఫిర్యాదులు ఆగడం లేదు. డిశ్చార్జి బిల్లు రావడానికి ముప్పావుగంట పడుతోందని. మా దగ్గర ఏ స్క్రీన్ చూసినా సెకన్లలో తెరుచుకుంటోంది. ఒకరోజు ఇద్దరు డెవలపర్లని, ఒక టెస్టర్‌ని తీసుకుని పొద్దున్నే ఆ ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ లోపల కూర్చున్నాను. హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన, వాళ్లమ్మని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, చంకలో ఎక్స్‌రే కవరు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కౌంటర్‌లో అమ్మాయి ఫార్మసీ స్క్రీన్ తెరిచి, వాడకుండా వెనక్కిచ్చిన మందుల మొత్తం చూసి, ఒక పాత రసీదు వెనకాల పెన్నుతో రాసుకుంది. ఆ స్క్రీన్ మూసి బిల్లు స్క్రీన్ తెరిచి, ఆ అంకె టైపు చేసింది. సరిపోలేదు. మళ్లీ వెనక్కి. ఫార్మసీకి ఫోను. ఆ అమ్మాయి దగ్గర అలాంటి రాతలున్న రసీదులు ఒక గుత్తిగా క్లిప్పు పెట్టి ఉన్నాయి. ఆ పెద్దమనిషి మా డెవలపర్‌ని ఆసుపత్రి మనిషే అనుకుని తెలుగులో "ఇంకెంతసేపు పడుతుందండీ, మా బస్సు పోతుంది" అని అడిగాడు. మావాడి మొహం నాకిప్పటికీ గుర్తు.

ఫార్మసీ స్క్రీన్ చేసింది అతనే. బిల్లు స్క్రీన్ చేసింది అతని పక్కన కూర్చున్న ఇంకో డెవలపర్. ఆఫీసులో వాళ్లిద్దరి మధ్యా నాలుగు కుర్చీలు. రెండు స్క్రీన్లనూ టెస్ట్ చేసి పాస్ చేసింది ఆ పక్కన కూర్చున్న టెస్టరే. ముగ్గురి పార్టులూ అయిపోయాయి. ఆ రెండు స్క్రీన్ల మధ్య దారి ఎవరి పార్టూ కాదు, అందుకే ఆ దారి రసీదు వెనకాల పెన్నుతో వేయాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక నేను చేసింది ఒకటే. అప్రైజల్ ఫారంలో ప్రతి మనిషికీ ఐదు గోల్స్ రాయాలి. 8 మంది ఫారాల్లోనూ మొదటి గోల్ ఒకే వాక్యం రాశాను: డిశ్చార్జి బిల్లు ఇరవై నిమిషాల్లో రోగి చేతికి రావాలి. మిగతా నాలుగూ ఎవరివి వాళ్లకి వదిలేశాను. బగ్స్ లెక్క, మూసిన పనుల లెక్క తీసేశాను. ఎవరు ఏం చెయ్యాలో మాత్రం నేను పంచలేదు, వాళ్లనే పంచుకోమన్నాను. నాట్లలో రైతు ఎవరు ఏ వరసలో నిలబడాలో చెప్పడు.

మూడో వారంలో పెద్ద గొడవ. ఒక టెస్టర్‌కీ డేటాబేస్ మనిషికీ మాటా మాటా పెరిగి, ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. నాకు టెన్షన్ వచ్చి మళ్లీ పాత పద్ధతికి పోదామా అనుకున్నాను. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లోనే రాశాడు, చిన్న బృందాలు ముందు మర్యాదగా కలుస్తాయి, తర్వాత కొట్టుకుంటాయి, ఆ తర్వాత ఒక పద్ధతికి వస్తాయి, అప్పుడు పనిచేస్తాయి అని. అన్ని టీమ్‌లూ ఈ వరసలోనే పోతాయని నేననను, కానీ ఆ కొట్టుకునే దశ మాత్రం నేను ప్రతిసారీ చూశాను. గ్రూపులో గొడవలు రాకపోవడానికి కారణం ఒకరి పని ఇంకొకరికి తగలకపోవడమే. మీ దగ్గర గొడవల్లేవని మీరు సంతోషంగా రాశారు. ఆరుగురి విషయంలో సంతోషించండి. ముగ్గురి విషయంలో ఒక్కసారి లోపలికి చూడండి, అసలు మాట్లాడుకుంటున్నారా అని.

నాలుగు నెలలకి ఇన్సూరెన్స్ లేని బిల్లులు ఇరవై నిమిషాలకి వచ్చాయి. ఇన్సూరెన్స్ బిల్లులు తగ్గలేదు, అప్రూవల్ బయటి నుంచి రావాలి కాబట్టి అది మా చేతుల్లో లేదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, టీమ్‌కి ఉమ్మడి గోల్ ఇచ్చేటప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నదే ఇవ్వాలి. లేకపోతే ఎంత కష్టపడ్డా ఓడిపోతామని తెలిసిపోయి, తొందరగా విడిపోతారు.

ఆ నాలుగు నెలల్లో నాకు నచ్చిన మార్పు అంకెల్లో లేదు, మాటల్లో ఉంది. మన తెలుగులో మేము, మనము రెండున్నాయి కదా. ఆఫీసులో మావాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. మొదట్లో "మేము టెస్ట్ చేసి ఇచ్చాం, వాళ్లే మార్చారు" అనేవాళ్లు. ఆ మేములో ఎదుటివాడు లేడు. ఒకరోజు పొద్దున ఆ టెస్టరే, గొడవపడిన డేటాబేస్ మనిషితో, "మనది రిటర్న్స్ దగ్గర ఎందుకు ఆగుతోంది చూద్దాం రా" అంది. ఇంగ్లిషులో మీటింగ్ పెడితే ఈ తేడా వినపడదు, అన్నింటికీ ఒకటే మాట. తెలుగులో మాట్లాడుకునే చోట చెవి పెట్టండి, ఎవరి గురించి మనం అంటున్నారో, ఎవరి గురించి మేము అంటున్నారో తెలిస్తే మీ టీమ్ సరిహద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

తప్పులు ఒప్పుకోవడం గురించి కూడా చెప్పాలి, ఇది లేకుండా పైదంతా కాగితం మీదే ఉంటుంది. ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోగలిగారు కాబట్టి. గూగుల్ 2012లో మొదలుపెట్టి తన దగ్గరి 180 టీమ్‌లను చూసినప్పుడు కూడా, టీమ్‌లో ఎవరెవరున్నారన్నదాని కంటే, భయం లేకుండా నోరు విప్పగలుగుతున్నారా అన్నదే ముందుకొచ్చింది. మన దగ్గర దీనికి శ్రీహరికోట కథ కంటే మంచిది నాకు తెలియదు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు నాయకుడు కలాం. విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ధవన్ తాను పక్కకు తప్పుకుని, విలేకరుల సమావేశానికి కలాంని పంపారు. కలాం జీవితాంతం ఈ సంగతి చెబుతూనే ఉన్నారు. లీడ్‌గా మీ పని కూడా ఇదే: డాష్‌బోర్డు చెడిన రోజు మేనేజర్ ముందు నిలబడాల్సింది మీరు, వాళ్ల ముగ్గురిలో ఒకరి పేరు కాదు.

మనుషుల సంఖ్య గురించి ఒక చిన్న లెక్క. ముగ్గురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 3. ఐదుగురుంటే 10. మీ 9 మందినీ ఒకే టీమ్ చేస్తే 36. ఆ 36 జతల్లో నిజంగా పని ఉన్నవి మీ డాష్‌బోర్డు మూడు జతలే. మిగతా 33 జతలకి మీరు మీటింగులు పెట్టి మాట్లాడించాలి, వాళ్లకి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

అవుటింగ్ మానేయమని నేననను. నంది హిల్స్‌కి తెల్లవారుజామున వెళ్లి రండి, దారిలో ఎక్కడైనా ఆగి వేడి ఇడ్లీలు తినండి. ఒకరి పిల్లల పేర్లు ఇంకొకరికి తెలియడం మంచిదే, ఆ తర్వాత గొడవ వచ్చినా మాట మరీ విరగదు. నా బిల్లింగ్ వాళ్లు కూడా వెళ్లారు, కానీ ఉమ్మడి గోల్ పెట్టిన తర్వాత. సపోర్ట్ డెస్క్‌తో అంతకుముందు రెండుసార్లు రిసార్టుకి వెళ్లాం, సోమవారం పొద్దున్నుంచి మళ్లీ ఎవరికి వారే యమునా తీరే.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు, మీరు పొద్దున్నే 9 మందితో కలిపి మీటింగు పెడుతుంటే దాన్ని విడగొట్టండి. ఆరుగురికి వారానికి ఒకసారి చాలు, అందులో స్టేటస్ వద్దు, ఒకరు నేర్చుకున్న ఏదైనా చిట్కా ఇంకొకరికి చెప్పడానికి వాడండి. ఒకరు సెలవు పెడితే ఎవరు చూడాలో జతలుగా ముందే రాసిపెట్టండి. వాళ్లని టీమ్ అని పిలవాలా అంటే, పిలవండి, ఆఫీసులో అందరూ అన్నింటినీ టీమ్ అనే అంటారు, మాట గురించి పట్టించుకోకండి. టార్గెట్లు మాత్రం కలపొద్దు.

ముగ్గురితో మీరు రోజూ పావుగంట కూర్చోండి. డాష్‌బోర్డుని చివరికి ఎవరు వాడతారో వాళ్ల దగ్గరికి ముగ్గురినీ కలిపి ఒక పూట తీసుకెళ్లండి, వీడియో కాల్ కాదు, ఎదురుగా కూర్చోబెట్టండి. ఆ తర్వాత ముగ్గురి ఫారాల్లో ఒకే వాక్యం రాయండి, ఆ వాక్యం మీరు కాదు, వాళ్లే తయారుచెయ్యాలి. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు గ్రూపు, టీమ్ అని నిర్వచనాల వాదన పెట్టుకోకండి. "డాష్‌బోర్డు ముగ్గురికీ ఈ ఒక్క గోల్ ఉమ్మడిగా పెడుతున్నాను, రేటింగ్‌లో దీనికి ఇంత వాటా ఇవ్వండి" అని అడగండి. రేటింగ్‌లో వాటా ఇవ్వకుండా టీమ్‌లా ఉండమంటే, రోజు కూలి ఇచ్చి గుత్తలా నాటమన్నట్టు ఉంటుంది, అది వాళ్లకి అన్యాయం. హెచ్ఆర్ వాళ్లు ఒప్పుకోకపోతే కనీసం ముగ్గురి రేటింగులనూ ఒకరితో ఒకరిని పోల్చి వేయబోమని మాట తీసుకోండి.

ఒక నెల తర్వాత ఒక చిన్న పరీక్ష ఉంది. ముగ్గురిలో ఒకరు సెలవు పెట్టిన రోజు మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నారో చూడండి. "ఆయన వచ్చాక చూస్తాం" అంటే ఇంకా పని కలవలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ ఖాళీ జాగా కొంచెం నింపి, ఏం చేశారో అతనికి ఒక మెసేజ్ పెట్టారంటే, ఆ ముగ్గురి జోలికి వెళ్లకండి, వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు.